12 వోల్టుల బ్యాటరీ నుంచి 48 వోల్టులు, 5 ఆంపియర్లు: ఏ దారి పట్టాలి?

బూస్ట్ కన్వర్టర్ (తక్కువ వోల్టేజీని ఎక్కువ వోల్టేజీగా మార్చే సర్క్యూట్) అనగానే చాలామంది ముందు అడిగేది వాట్లు. తక్కువ వోల్టేజీ నుంచి ఎక్కువ పవర్ లాగే చోట వాట్లది రెండో స్థానం. బ్యాటరీ బాగా దిగిపోయిన వేళ ఇన్‌పుట్ వైపు ఎన్ని ఆంపియర్లు పారతాయన్నది ముందు తేలాలి. ఇండక్టర్ (శక్తిని నిలవచేసే తీగచుట్ట) సైజు, మాస్‌ఫెట్ (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్చి), తీగ మందం, ఫ్యూజు, ఆ మాటకొస్తే అసలు బూస్ట్ చేయాలా వద్దా అన్నది కూడా ఆ అంకె మీదే ఆధారపడి ఉంటుంది.

ఒక నిజమైన అవసరం తీసుకుని లెక్క వేద్దాం. సీసీ కెమెరాలకు పవర్ ఇచ్చే 16 పోర్టుల పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్ మీదే పవర్ కూడా పంపే) స్విచ్చి ఉంది. పోర్టుకు 15.4 వాట్ల చొప్పున అన్నీ నిండితే 246 వాట్లు. అంటే 48 వోల్టుల దగ్గర సుమారు 5 ఆంపియర్లు. చేతిలో ఉన్నది ఇళ్లలో ఇన్వర్టర్‌కు వాడే 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ. ఛార్జింగ్‌లో అది 14.4 వోల్టులకు ఎక్కుతుంది, లోడు మీద 10.5 దాకా దిగుతుంది.

సామర్థ్యం 92 శాతం అనుకుంటే 240 ÷ 0.92 ÷ 10.5, దాదాపు 25 ఆంపియర్లు. ఇది క్షణకాలపు పీక్ కాదు, గంటల తరబడి పారే కరెంటు.

25 ఆంపియర్లు అంటే ఏమిటో తీగ దగ్గరే తెలిసిపోతుంది. బ్యాటరీ ఒక మీటరు దూరంలో ఉందనుకోండి. రానూ పోనూ రెండు మీటర్ల రాగి. 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే దాని రెసిస్టెన్సు సుమారు 15 మిల్లీఓమ్‌లు, తీగలోనే 9 వాట్లు పోతాయి. 4 స్క్వేర్ ఎంఎం అయితే 5.8 వాట్లు, 10 స్క్వేర్ ఎంఎం అయితే 2.3 వాట్లు. కన్వర్టర్ లోపల ఒక్క వాటు మిగిల్చడానికి ఖరీదైన మాస్‌ఫెట్ వెతికి, బయట సన్న తీగ వేస్తే చేసిన పనంతా వృథా. తుప్పు పట్టిన టెర్మినల్, వదులుగా క్రింప్ చేసిన లగ్గు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి.

ముందు అడగాల్సింది: బూస్ట్ అవసరమా?

సొంతంగా కట్టాలనే ఉత్సాహంలో దాటేసే ప్రశ్న ఇది. బ్యాటరీలు ఇంకా కొనకపోతే 12 వోల్టుల 150 ఏహెచ్ ఒకటి కొనే బదులు 12 వోల్టుల 42 ఏహెచ్‌వి నాలుగు సిరీస్‌లో పెట్టండి. మొదటిది 1,800 వాట్‌అవర్లు, రెండోది 2,016. కన్వర్టరే లేదు కాబట్టి అందులో పోయే వాట్లూ లేవు, అది చెడిపోయే ప్రమాదమూ లేదు. కరెంటు 25 నుంచి 5 ఆంపియర్లకు దిగుతుంది.

అయితే రెండు చిక్కులున్నాయి. పీఓఈ స్విచ్చులు సాధారణంగా 44 నుంచి 57 వోల్టుల మధ్య పని చేస్తాయి. నాలుగు బ్యాటరీల వరుస పూర్తి ఛార్జింగ్‌లో 57.6 దాకా పోతుంది, ఖాళీ అయ్యేసరికి 42కు వస్తుంది. కాబట్టి ఛార్జరును 55 దగ్గర ఫ్లోట్‌కు (నిండాక నిలిపి ఉంచే వోల్టేజీకి) కట్టేయాలి, లోడును 44 దగ్గర ఆపేయాలి. రెండోది, నాలుగింటిలో ఒకటి బలహీనపడితే మిగతావాటిని కూడా లాగేస్తుంది. ఒకే బ్యాచ్‌వి, ఒకేసారి కొన్నవి వాడాలి. మూడు నెలలకోసారి ఒక్కొక్కదాని వోల్టేజీ విడిగా కొలవాలి. ఈ రెండూ చేయగలిగితే నా సలహా ఇదే, మిగతాది చదవక్కర్లేదు.

మధ్యదారి ఇంకొకటుంది. చాలా ఇళ్లలో, దుకాణాల్లో ఇన్వర్టర్లు రెండు బ్యాటరీలతో 24 వోల్టుల మీద నడుస్తాయి. ఆ 24 నుంచి 48కి బూస్ట్ చేస్తే కరెంటు 12 ఆంపియర్లకు పడుతుంది. కరెంటు సగమైతే రాగిలో పోయే వేడి నాలుగో వంతే. డ్యూటీ (ప్రతి చక్రంలో మాస్‌ఫెట్ ఆన్‌లో ఉండే వంతు) 0.5 చుట్టూ ఉంటుంది, బూస్ట్‌కు అంతకంటే సుఖమైన చోటు లేదు. ఇక్కడ మామూలు సింగిల్ ఫేజ్ (ఒకే ఇండక్టర్, ఒకే స్విచ్చి), షాట్కీ డయోడ్ (తక్కువ వోల్టేజీ మింగే వేగమైన డయోడ్) సర్క్యూట్ చాలు, ఇంకేమీ ఆలోచించొద్దు. ఒక్క జాగ్రత్త: రెండు బ్యాటరీల మధ్య బిందువు నుంచి 12 వోల్టుల లోడు ఏదీ తీయకండి. కింది బ్యాటరీ ముందే ఖాళీ అయిపోతుంది.

రెడీమేడ్ మాడ్యూలు

ఒకే ఒక్క 12 వోల్టుల బ్యాటరీతోనే పని జరగాలంటే మొదట కంటబడేది మాడ్యూలు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరికే '1200 వాట్ల' బూస్ట్ బోర్డులకు సాధారణంగా ఇన్‌పుట్ పరిమితి 20 ఆంపియర్లు. 1200 అనే అంకె 60 వోల్టుల ఇన్‌పుట్ ఉన్నప్పటి మాట. 10.5 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లంటే లోపలికి 210 వాట్లు, బయటికి 190. అది కూడా ఫ్యాను తిరుగుతూ ఉండాలి. రోజంతా నడవాలంటే 12 నుంచి 14 ఆంపియర్లకు మించి నమ్మకండి, అంటే బయటికి 115 నుంచి 130 వాట్లు. ఎనిమిది కెమెరాలకు సరిపోతుంది, పదహారుకు సరిపోదు. రెండు మాడ్యూళ్లు కొని అవుట్‌పుట్‌లు కలిపేద్దామనే ఆలోచన వస్తుంది. ఒకదాని సెట్టింగు 0.1 వోల్టు ఎక్కువున్నా లోడంతా దాని మీదే పడుతుంది. అలా కలపకుండా, స్విచ్చులనే రెండుగా చేసి దేని మాడ్యూలు దానికి ఇవ్వండి.

ఎక్స్‌ఎల్ 6009 బోర్డు గురించి కూడా అడుగుతుంటారు. అందులోని స్విచ్చి 4 ఆంపియర్లది. ఈ పనికి దాన్ని పక్కన పెట్టేయండి.

సొంతంగా కడితే: సింగిల్ ఫేజ్

డ్యూటీ లెక్క ఇలా ఉంటుంది: 1 నుంచి ఇన్‌పుట్ ÷ అవుట్‌పుట్ తీసేయాలి. 10.5 దగ్గర 0.78, 12 దగ్గర 0.75, 14.4 దగ్గర 0.70. ఎప్పుడూ 0.5 పైనే అన్నది గుర్తు పెట్టుకోండి, దీంతో కింద పని ఉంది.

స్విచ్చింగ్ 100 కిలోహెర్ట్జ్ అనుకుందాం. రిపుల్‌ను (కరెంటు పైకీ కిందికీ ఊగే మేరను) సగటు కరెంటులో 30 శాతం లోపు ఉంచాలంటే ఇండక్టర్ 12 మైక్రోహెన్రీలు కావాలి. 10.5 వోల్టుల దగ్గర రిపుల్ 6.8 ఆంపియర్లు, పీక్ 28.4. శాచురేషన్ కరెంటు (కోరు అయస్కాంతంగా నిండిపోయే కరెంటు) 36 ఆంపియర్లకు తక్కువైతే తీసుకోవద్దు. ఇండక్టెన్సు సరిపోయిందని చూసి శాచురేషన్ చూడకుండా కొనడం ఇక్కడ అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. కోరు నిండగానే ఇండక్టర్ ఉత్త తీగ ముక్కలా మారిపోతుంది, కరెంటు నిట్టనిలువునా లేస్తుంది, మాస్‌ఫెట్ కాలిపోతుంది. కాలిన మాస్‌ఫెట్‌ను చూసి దాన్నే తప్పు పట్టి ఇంకొకటి వేస్తారు, అదీ పోతుంది.

చుట్టుకోవాలంటే: సెండస్ట్ (ఇనుప మిశ్రమపు పొడి) టొరాయిడ్ (రింగు), బయటి వ్యాసం 47 మిల్లీమీటర్లు, పర్మియబిలిటీ 60, ఏఎల్ విలువ (ఒక్క చుట్టుకు వచ్చే ఇండక్టెన్సు) 135 నానోహెన్రీలు. 16 గేజి ఎనామెల్ తీగలు మూడు కలిపి 11 చుట్లు. కరెంటు లేనప్పుడు 16 మైక్రోహెన్రీలు చూపిస్తుంది, 25 ఆంపియర్ల దగ్గర 12, 13కు దిగుతుంది. అది దోషం కాదు, పౌడర్ కోర్ల స్వభావం. తీగ రెసిస్టెన్సు 3 మిల్లీఓమ్‌ల లోపు, వేడి 2 వాట్ల లోపు ఉంటుంది. ఇండక్టర్‌లో ఎక్కువ భాగం డీసీయే కాబట్టి లావు తీగ వేసినా నష్టం లేదు. పాత కంప్యూటర్ ఎస్ఎంపీఎస్‌లో దొరికే పసుపు-తెలుపు రింగు ఐరన్ పౌడర్ కోరు. 100 కిలోహెర్ట్జ్ దగ్గర అది బాగా వేడెక్కుతుంది, ఏళ్ల తరబడి వేడిలో ఉంటే అందులో నష్టం ఇంకా పెరుగుతుంది. ప్రయోగానికి తప్ప పనికి వాడకండి.

మాస్‌ఫెట్ విషయంలో చేతికందేది ఐఆర్‌ఎఫ్ 3205. ఇన్వర్టర్ రిపేరు షాపులన్నిటిలో ఉంటుంది, 8 మిల్లీఓమ్‌లు, చవక. కానీ అది 55 వోల్టులది. 48 వోల్టుల అవుట్‌పుట్ మీద 7 వోల్టుల గ్యాపే మిగులుతుంది. స్విచ్చి ఆగిన ప్రతిసారీ తీగల ఇండక్టెన్సు వల్ల వచ్చే స్పైక్ దాన్ని సులువుగా దాటేస్తుంది. 100 వోల్టులది వేయండి. ఐఆర్‌ఎఫ్‌బీ 4110 రెసిస్టెన్సు గరిష్ఠంగా 4.5 మిల్లీఓమ్‌లు, వేడెక్కాక 7 అనుకున్నా కండక్షన్ నష్టం 3.5 వాట్లు. ఐఆర్‌ఎఫ్ 540ఎన్ కూడా 100 వోల్టులదే, కానీ 44 మిల్లీఓమ్‌లు. అదే లెక్కలో వేడి కాకముందే 21 వాట్లు తింటుంది.

4110 గేటుకు 150 నానోకూలుంబ్‌ల ఛార్జి కావాలి. కంట్రోలర్ ఐసీ నేరుగా ఇచ్చే 1 ఆంపియరుతో అది నింపాదిగా తెరుచుకుంటుంది. ఆన్, ఆఫ్ రెండూ కలిపి 60 నానోసెకండ్లు అయితే స్విచ్చింగ్ నష్టం 3.6 వాట్లు, 120 అయితే 7.2. టీసీ 4420 లాంటి డ్రైవరు మధ్యలో పెట్టడం ఆ తేడాకు తగిన ఖర్చే.

ఇక కంట్రోలర్. ఇక్కడ ఐసీ పేరులో ఒక్క అంకె మారితే సర్క్యూట్ అసలు మొదలే కాదు. యూసీ 3842 లేవడానికి 16 వోల్టులు కావాలి. 12 వోల్టుల బ్యాటరీ మీద అది ఎప్పటికీ లేవదు. 3843 అయితే 8.4 దగ్గర లేచి 7.6 దగ్గర ఆగుతుంది. 3845 డ్యూటీ 50 శాతం దాటదు, మనకు 78 కావాలి. కాబట్టి ఆ కుటుంబంలో పనికొచ్చేది 3843 ఒక్కటే.

దానికీ ఒక ఖరీదైన గుణముంది. కరెంటు కొలిచే పిన్ను పరిమితి 1 వోల్టు. 36 ఆంపియర్ల దగ్గర 1 వోల్టు రావాలంటే షంట్ (కరెంటు కొలిచే చిన్న రెసిస్టరు) 28 మిల్లీఓమ్‌లు. ఆ షంట్‌లో పోయేది 13.5 వాట్లు, మాస్‌ఫెట్ కండక్షన్ నష్టానికి దాదాపు నాలుగు రెట్లు! రెండు మార్గాలున్నాయి. ఒకటి, మాస్‌ఫెట్ డ్రెయిన్ తీగను చిన్న ఫెరైట్ రింగులోంచి ఒక్కసారి దూర్చి, దాని మీద 100 చుట్ల సెకండరీ వేసి, డయోడ్ ద్వారా 2.7 ఓమ్‌ల రెసిస్టరుకు ఇవ్వడం. ఆ రెసిస్టరులో నష్టం 0.2 వాటు కూడా ఉండదు. డ్యూటీ 0.78 దగ్గర రింగు రీసెట్ కావడానికి 2.2 మైక్రోసెకండ్లే ఉంటాయి, అందుకని డయోడ్‌కు ముందు సెకండరీకి అడ్డంగా 1 కిలోఓమ్ పెట్టాలి. రెండోది, 75 మిల్లీవోల్టులకే స్పందించే ఎల్‌ఎమ్ 5122 లాంటి కంట్రోలర్ వాడటం. అప్పుడు 2 మిల్లీఓమ్‌ల షంట్ చాలు, 1.3 వాట్లతో సరి.

డ్యూటీ ఎప్పుడూ 0.5 పైనే అన్నాం కదా. కరెంట్ మోడ్ కంట్రోలులో (ప్రతి పల్సులో కరెంటు చూసి మాస్‌ఫెట్‌ను ఆపే పద్ధతిలో) దాని ఫలితం: స్లోప్ కాంపెన్సేషన్ (కొలిచే కరెంటు సిగ్నలుకు ర్యాంపు కలపడం) లేకపోతే ఒక పల్సు లావుగా, తర్వాతిది సన్నగా వస్తుంది. ఇండక్టర్ కీచుమని అరుస్తుంది, అవుట్‌పుట్ ఊగుతుంది. లూపు (అవుట్‌పుట్ చూసి డ్యూటీని సరిచేసే చుట్టు) కాంపెన్సేషన్ ఎంత మార్చినా తగ్గదు, ఎందుకంటే జబ్బు అక్కడ లేదు. 3843లో ఒసిలేటర్ ర్యాంపును ట్రాన్సిస్టర్ బఫర్ ద్వారా కరెంటు పిన్నుకు కొంత కలపాలి.

లూపు వేగానికీ ఒక హద్దుంది. లోడు పెరగగానే బూస్ట్ కన్వర్టర్ ముందు డ్యూటీ పెంచుతుంది. ఆ క్షణంలో అవుట్‌పుట్‌కు వెళ్లే సమయం తగ్గి వోల్టేజీ ఇంకా పడుతుంది, ఆ తర్వాతే లేస్తుంది. ఈ ఎదురు నడక మన విలువలతో 6 కిలోహెర్ట్జ్ దగ్గర అడ్డం వస్తుంది. కాబట్టి లూపును 1.2 నుంచి 1.5 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆపేయాలి. ఇండక్టర్ పెద్దదైతే ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. రిపుల్ తగ్గుతుందని 50 మైక్రోహెన్రీలు వేసేవారికి ఇది ఆలస్యంగా తెలుస్తుంది.

డయోడా, సింక్రనస్ మాస్‌ఫెట్టా?

సింక్రనస్ (డయోడ్ చోట మరో మాస్‌ఫెట్ పెట్టడం) అంటే ఎప్పుడూ మేలే అనే అభిప్రాయం ఉంది. లెక్క వేరేలా చెబుతుంది. డయోడ్ గుండా పోయే సగటు కరెంటు అవుట్‌పుట్ కరెంటే: 5 ఆంపియర్లు. 100 వోల్టుల షాట్కీ మీద 0.75 వోల్టు పడితే 3.75 వాట్లు, మొత్తం పవర్‌లో ఒకటిన్నర శాతం. చిన్న హీట్‌సింక్ చాలు. సింక్రనస్ చేస్తే రెండు, రెండున్నర వాట్లు మిగులుతాయి, బదులుగా పై మాస్‌ఫెట్ డ్రైవు, డెడ్ టైము, అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు కరెంటు వెనక్కి పారకుండా కాపలా కావాలి. 48 వోల్టులకు మొదటిసారి కట్టేవాళ్లు డయోడే వేయండి.

అవుట్‌పుట్ 12 వోల్టులైతే తీర్పు తిరగబడుతుంది. 96 వాట్లకు 8 ఆంపియర్లు, 0.5 వోల్టు వేసుకున్నా 4 వాట్లు, నాలుగు శాతం పైనే. అక్కడ సింక్రనస్ తప్పనిసరి.

రెండు ఫేజులు: ఎక్కడ లాభం, ఎక్కడ కాదు

రెండు బూస్ట్‌లను 180 డిగ్రీల తేడాతో నడిపి 25 ఆంపియర్లను 12.5 చొప్పున పంచడమే ఇంటర్‌లీవింగ్. దీని మీద కొన్ని అతిశయోక్తులు తిరుగుతున్నాయి.

మాస్‌ఫెట్ వేడి సగమవుతుందంటారు. నిజమే, కానీ సింగిల్ ఫేజ్‌లో రెండు మాస్‌ఫెట్లు ప్యారలల్‌గా కలిపినా కండక్షన్ నష్టం అంతే తగ్గుతుంది. ఇండక్టర్ చిన్నదవుతుందంటారు. 22 మైక్రోహెన్రీలవి రెండు, పీక్ 14.4 ఆంపియర్లు. రెండింటిలో కలిపి నిలవయ్యే శక్తి 4.6 మిల్లీజౌళ్లు, ఒక్క పెద్ద ఇండక్టర్‌లో 4.8. మొత్తం కోరు దాదాపు అంతే. అసలు లాభం వేరే చోట ఉంది: 22 మైక్రోహెన్రీల 20 ఆంపియర్ల ఇండక్టర్ రెడీమేడ్‌గా సులువుగా దొరుకుతుంది, 12 మైక్రోహెన్రీల 36 ఆంపియర్లది అంత సులువు కాదు. ఇన్‌పుట్ రిపుల్ పూర్తిగా రద్దవుతుందంటారు. అది డ్యూటీ సరిగ్గా 0.5 దగ్గరే. 0.78 దగ్గర ఒక్కో ఫేజు రిపుల్‌లో 72 శాతం మిగిలే ఉంటుంది.

మరి రెండు ఫేజులు ఎందుకు? అవుట్‌పుట్ కెపాసిటర్ల కోసం.

సింగిల్ ఫేజ్‌లో డయోడ్ ప్రతి చక్రంలో 22 శాతం సమయమే కరెంటు ఇస్తుంది, మిగతా 78 శాతం లోడును కెపాసిటర్లే మోయాలి. వాటి గుండా పోయే ఆర్‌ఎంఎస్ కరెంటు (వేడి లెక్కకు వాడే విలువ) 9.4 ఆంపియర్లు. లోడు 5 ఆంపియర్లే, కెపాసిటర్ మోసేది దానికి దాదాపు రెట్టింపు. 470 మైక్రోఫారడ్‌ల 63 వోల్టుల మంచి లో-ఈఎస్‌ఆర్ (లోపలి రెసిస్టెన్సు తక్కువున్న) కెపాసిటర్ 100 కిలోహెర్ట్జ్ దగ్గర సాధారణంగా 1.5 నుంచి 2 ఆంపియర్లు మోస్తుంది. అంటే ఆరు కావాలి. 'ఒక 2200 మైక్రోఫారడ్ వేశాం కదా' అనుకుంటే అది కొన్ని నెలల్లో ఉబ్బుతుంది. కెపాసిటెన్సు తక్కువై కాదు, లోపల వేడికి ఎండిపోయి. 10 డిగ్రీల వేడి పెరిగితే ఎలక్ట్రోలిటిక్ ఆయుష్షు సగమవుతుందన్నది పాత లెక్క. రేకు పెట్టెలో, ఎండాకాలంలో నడిచే సర్క్యూట్‌కు ఇది చిన్న విషయం కాదు.

రెండు ఫేజుల్లో అదే 9.4 కాస్తా 5.6 ఆంపియర్లకు దిగుతుంది. ఆరు కెపాసిటర్ల చోట నాలుగు చాలు, లేదా ఆరూ ఉంచి చల్లగా నడపొచ్చు. రెండేళ్లు ఎవరూ ముట్టుకోని చోట పెట్టేదైతే ఈ ఒక్క కారణానికే రెండు ఫేజులు ఎంచుకుంటాను. కంట్రోలర్‌గా ఎల్‌టీసీ 3787 సరిపోతుంది. ఇన్‌పుట్ 4.5 నుంచి 38 వోల్టులు, అవుట్‌పుట్ 60 వరకు, రెండు ఫేజులూ సింక్రనస్‌గా ఒకే చిప్పులో. రెండు ఎల్‌ఎమ్ 5122లను కలిపీ చేయొచ్చు. 3843లు రెండు పెట్టి ఎదురెదురు ఫేజుల్లో నడిపే ప్రయత్నం వద్దు. ఎర్రర్ ఆంప్లిఫయర్ ఒకటే పంచుకోకపోతే ఒక ఫేజు 18, ఇంకొకటి 7 ఆంపియర్లు లాగుతూ ఉంటాయి.

హద్దు ఎక్కడ గీయాలంటే, ఇన్‌పుట్ 15 ఆంపియర్ల లోపు ఉంటే సింగిల్ ఫేజ్. 15 నుంచి 25 మధ్య మీ ఓపిక, కెపాసిటర్ల నాణ్యత బట్టి. 25 దాటితే రెండు ఫేజులు. 50 దాటితే ముందు బ్యాటరీ వోల్టేజీ పెంచే దారి మళ్లీ చూడండి.

పుష్-పుల్ ట్రాన్స్‌ఫార్మర్

ఇన్వర్టర్ల పని తెలిసినవారికి ఎస్‌జీ 3525 కంట్రోలర్ ఐసీ, రెండు మాస్‌ఫెట్లు వంతులవారీగా నడిపే నడుమ ట్యాపు ట్రాన్స్‌ఫార్మర్ చేతికి అలవాటైన దారి. నాలుగు రెట్ల పెంపు వరకు బూస్టే సులువు. ఆరు, ఎనిమిది రెట్లు కావాలంటే ట్రాన్స్‌ఫార్మర్ వైపు మొగ్గాలి. రెట్లతో పని లేకుండా దీన్నే ఎంచుకోవాల్సిన సందర్భం ఒకటుంది: ఐసొలేషన్, అంటే ఇన్‌పుట్, అవుట్‌పుట్ మధ్య నేరుగా తీగ సంబంధం లేకపోవడం. టెలికాం పరికరాల్లో మైనస్ 48 వోల్టులంటే పాజిటివ్ ఎర్త్ అయి ఉంటుంది. మామూలు బూస్ట్‌లో బ్యాటరీ నెగెటివ్, అవుట్‌పుట్ నెగెటివ్ ఒక్కటే. బ్యాటరీ నెగెటివ్ కూడా ఎక్కడో ఎర్త్‌కు తగిలి ఉంటే అవుట్‌పుట్ నేరుగా షార్ట్. అలాంటి చోట ట్రాన్స్‌ఫార్మర్ తప్ప దారి లేదు. స్తంభాల మీదుగా బయటి కేబుళ్లు పోయే చోటా ఇదే క్షేమం.

ఈటీడీ 39 ఫెరైట్, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 50 కిలోహెర్ట్జ్ అనుకుంటే ప్రైమరీ 3+3 చుట్లు, సెకండరీ 16. 3525 ఒసిలేటర్‌ను 100కు పెడితేనే ట్రాన్స్‌ఫార్మర్ 50 చూస్తుందని మరవొద్దు. ఇక్కడ ప్రైమరీకి లావు తీగ పనికిరాదు. 50 కిలోహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగి పైపొరలో 0.3 మిల్లీమీటర్ల లోతు వరకే పారుతుంది. 0.2 మిల్లీమీటర్ల రాగి రేకు వెడల్పుగా కోసి, రెండు సగాలనూ జంటగా చుట్టండి. సెకండరీకి నడుమ ట్యాపు పెడితే 14.4 వోల్టుల ఇన్‌పుట్ దగ్గర ఒక్కో డయోడ్ మీద 154 వోల్టులు, పైన రింగింగు. షాట్కీ కుదరదు, 300 వోల్టుల అల్ట్రాఫాస్ట్ కావాలి. ఒకే వైండింగు, నాలుగు డయోడ్ల బ్రిడ్జి వేస్తే 77 వోల్టులే. ప్రైమరీ మాస్‌ఫెట్ల మీద పడేది 29 వోల్టులు, స్పైకులు వేరే. ఇక్కడైతే ఐఆర్‌ఎఫ్ 3205 చక్కగా సరిపోతుంది.

అవుట్‌పుట్‌లో ఇండక్టర్ ఉంటుంది కాబట్టి కెపాసిటర్ల బాధ తప్పుతుంది. బదులుగా ఒక సగం పల్సు మరో సగం కంటే కొంచెం పొడవైతే కోరు మెల్లగా ఒకవైపు నిండిపోతుంది. రెండు మాస్‌ఫెట్లలో ఒకటే పదేపదే వేడెక్కి పోతుంటే కారణం ఇదే.

ఒక్క లిథియం సెల్లు వోల్టేజీ నుంచి

3.7 వోల్టుల సెల్లులను ప్యారలల్‌గా కట్టి 12 వోల్టులు, 60 వాట్లు తీయాలని చూసేవారూ ఉన్నారు. 3 వోల్టుల దగ్గర అది 22 ఆంపియర్లు. 10 మిల్లీఓమ్‌ల దారి 0.22 వోల్టు మింగేస్తుంది, ఇన్‌పుట్‌లో ఏడు శాతం. 3 వోల్టులతో మామూలు మాస్‌ఫెట్ గేటు తెరుచుకోదు. 4.5 వోల్టులకే పూర్తిగా తెరుచుకునే లాజిక్ లెవెల్ రకం, గేటు సరఫరాకు అవుట్‌పుట్ నుంచి వెనక్కి తీగ కావాలి. సెల్లులను మూడు లేదా నాలుగు సిరీస్‌లో పెట్టి బీఎంఎస్ (సెల్లులను కాపాడే బోర్డు) వేయడం ఇంతకంటే అన్ని విధాలా మేలు.

ఏది కట్టినా పాటించాల్సినవి

బూస్ట్‌కు సహజంగా షార్ట్ రక్షణ లేదు. మాస్‌ఫెట్‌ను ఆపినా బ్యాటరీ, ఇండక్టర్, డయోడ్ ద్వారా కరెంటు నేరుగా పోతుంది. బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరంలో 40 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఏసీ ఎంసీబీని ఫ్యూజుకు బదులుగా వాడకండి, డీసీ ఆర్కును అది ఆర్పుతుందన్న హామీ లేదు.

బోర్డు మీద మాస్‌ఫెట్, డయోడ్, అవుట్‌పుట్ కెపాసిటర్ ఈ మూడూ కలిసే చుట్టు ఎంత చిన్నదైతే స్పైకు అంత చిన్నది. డయోడ్ పక్కనే 100 వోల్టుల 2.2 మైక్రోఫారడ్ సిరామిక్‌లు నాలుగు పెట్టండి. 48 వోల్టుల కింద వాటి విలువ బాగా పడిపోతుంది, అందుకే నాలుగు. ఇంకా రింగింగు ఉంటే మాస్‌ఫెట్‌కు అడ్డంగా 4.7 ఓమ్‌లు, 1 నానోఫారడ్ సిరీస్‌లో. రెసిస్టరులో 0.23 వాటు పోతుంది, 1 వాటుది వేయండి. బ్రెడ్‌బోర్డు మీద ఈ సర్క్యూట్ ఎన్నటికీ సరిగా నడవదు.

ఫీడ్‌బ్యాక్ తీగ ఊడితే కంట్రోలర్ డ్యూటీ పెంచుకుంటూ పోతుంది, ఏదో ఒకటి పేలేదాకా. 58 వోల్టులు దాటితే కంట్రోలర్‌ను ఆపేసే కంపారేటర్‌ను వేరే డివైడర్‌తో పెట్టండి.

పరీక్ష ఈ వరుసలో చేయండి. ముందు ఇండక్టర్ విప్పి, కంట్రోలర్‌కు మాత్రమే 12 వోల్టులు ఇచ్చి గేటు దగ్గర పల్సు ఆకారం, ఫ్రీక్వెన్సీ చూడండి. తర్వాత ఇండక్టర్ కలిపి, కరెంట్ లిమిట్ 3 ఆంపియర్లకు పెట్టిన బెంచ్ సప్లైతో, 100 ఓమ్‌ల 50 వాట్ల రెసిస్టరు లోడుగా పెట్టి మొదలుపెట్టండి. 48 వోల్టుల దగ్గర అది 23 వాట్లు తీసుకుంటుంది. అది నిలకడగా ఉంటే సగం లోడు, ఆపైన పూర్తి లోడు. ప్రతి మెట్టులో ఇండక్టర్ కరెంటు ఆకారం చూడండి. ర్యాంపు తిన్నగా ఉండాలి, చివర పైకి వంగితే కోరు నిండుతోందని అర్థం, అక్కడే ఆగాలి. ప్రోబు పొడవాటి నేల తీగతో చూస్తే లేని స్పైకులు కనబడతాయి, చిట్టి స్ప్రింగు వాడండి. పూర్తి లోడు మీద అరగంట నడిపాక మాస్‌ఫెట్, డయోడ్, ఇండక్టర్, కెపాసిటర్, టెర్మినల్ లగ్గులు, ఫ్యూజు హోల్డరు అన్నిటి వేడి కొలవండి. లగ్గులు, హోల్డరు తరచూ మర్చిపోతారు, ఎక్కువగా కాలేవి అవే.

చివరి పరీక్ష తక్కువ బ్యాటరీ మీద. లోడు స్థిరంగా పవర్ అడుగుతుంది కాబట్టి బ్యాటరీ దిగేకొద్దీ కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగేకొద్దీ బ్యాటరీ ఇంకా దిగుతుంది. ఒక దశ దాటాక అది కుప్పకూలుతుంది. 10.5 దగ్గర కన్వర్టర్‌ను ఆపేసే కట్‌ఆఫ్ ఉండాలి. ఆపగానే లోడు పోయి బ్యాటరీ 11.8కి లేస్తుంది. మళ్లీ మొదలయ్యే హద్దును 11 దగ్గర పెడితే ఆగుతూ లేస్తూ రాత్రంతా కొట్టుకుంటుంది, కెమెరాలు రీబూట్ అవుతూనే ఉంటాయి. దాన్ని 12.3 పైన పెట్టండి. వోల్టేజీ కొలిచే తీగను బోర్డు దగ్గర నుంచి కాకుండా బ్యాటరీ టెర్మినల్ నుంచే విడిగా తెచ్చుకోండి, లేదంటే కేబుల్‌లో పడే 0.2 వోల్టు కూడా బ్యాటరీ లెక్కలో కలిసిపోయి ముందే ఆగిపోతుంది.